ఎజ్రా గారి పదకొండు పటాలు

శుక్లాల ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజున వెంకటనరసమ్మ నల్లకళ్ళజోడు తీసింది. తీసి, గోడకి తగిలించిన చార్టుని వదిలేసి, దాని పక్కన నిలబడ్డ మానసని చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది.

అది కొల్లేరులో ఒక లంక ఊరి బడి వరండా. గణపవరం దాటాక చేపల చెరువుల గట్ల మీద గంట ప్రయాణం. మానస తాడేపల్లిగూడెంలో ఒక కంటి ఆసుపత్రిలో విజన్ టెక్నీషియన్. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళని వాళ్ళ ఊరికే వెళ్ళి పరీక్షించి రావడం ఆమె పని. ఆరేళ్ళ నుంచి చేస్తోంది. చూపు తేటపడ్డ మొదటి రోజుల్లో మనుషులు ఏం మాట్లాడతారో ఆమెకి బాగా తెలుసు. గోడలు ఇంత మురికిగా ఉన్నాయా అంటారు. కోడలు ఇంత నల్లబడిందేమిటంటారు. తమ చేతుల మీద ముడతలు చూసుకుని, ఇవి నావేనా అంటారు.

వెంకటనరసమ్మ అవేవీ అనలేదు.

"గీతలు ఎటు తిరిగున్నాయో చేత్తో చూపించండి మామ్మగారూ," అంది మానస.

"గీతలకేం, అవెక్కడికీ పోవు. ముందు ఇది చెప్పు. మా ఆయన చూపు నీకెలా వచ్చింది తల్లీ?"

వరండాలో వరసగా కూర్చున్నవాళ్ళు నవ్వారు. కళ్ళు రాగానే మొగుడు కావలసి వచ్చాడా నరసమ్మా అని ఎవరో ఎగతాళి చేశారు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. చార్టులో గీతలన్నీ తప్పు లేకుండా చూపించి, మందుల చీటీ రవికలో దోపుకుని, మా ఇల్లు రెండిళ్ళ అవతలే, వచ్చి చూసిపో అంది. మిగిలినవాళ్ళ పరీక్షలు అయ్యేదాకా అక్కడే అరుగు మీద కూర్చుంది.

ఆ ఇంటి ముందుగదిలో పటం ఉంది. ప్లాస్టిక్ దండ, పైన చిన్న ఎర్ర బల్బు. వెంకటనరసమ్మ భర్త కనకరాజు పోయి ఇరవై నాలుగేళ్ళయింది. నలుపు తెలుపు ఫోటోలో ఆయనకి యాభై ఏళ్ళుంటాయి. తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు, గుబురు మీసం. మీసం దాకా ఎవరో తెలియని మనిషి. మీసం పైన, ముక్కుకి రెండు పక్కలా, మానస ఉంది.

పోలిక అని సరిపెట్టుకోవడానికి లేదు. చదువుకునే రోజుల్లో వాళ్ళు ఒకరి కళ్ళు ఒకరు మైక్రోస్కోపు కింద చూసి బొమ్మలు గీసేవారు. అందుకని తన కంటి పటం ఆమెకి ఊరి పటంలా తెలుసు. ఆమె ఎడమ కంటి నల్లగుడ్డులో, గడియారంలో ఏడు అంకె ఉండే చోట, సన్నటి తేనెరంగు చీలిక ఉంది. పుట్టుకతో వచ్చింది, హాని లేనిది. కనకరాజు ఎడమ కంటిలో అదే చోట, అంతే వెడల్పున, బూడిదరంగు చీలిక ఉంది. మానస ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూసింది. కంటిపాప మీద కిటికీ వెలుగు తెల్లటి చదరంలా మెరుస్తోంది. ఆ చదరం పక్కన సన్నటి నల్లటి నీడ ఒకటి, ఎవరో వంగి నిలబడ్డట్టు.

"ఎప్పుడు దిగారండీ ఈ ఫోటో?"

"దిగడమేమిటి? పోయాక తీశారు," అంది వెంకటనరసమ్మ. బతికుండగా ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆయనకి భయమట. పోయిన రోజు భీమడోలు నుంచి ఫోటోలు తీసే ఎజ్రా గారు పడవలో వచ్చారట. మంచం తిప్పించి, కుడిచెంప మీద వెలుతురు పడేట్టు పడుకోబెట్టించి తీశారట. అప్పుడు కళ్ళు మూసే ఉన్నాయి. మూడు వారాలకి పటం తెస్తే, తెరిచి ఉన్నాయి.

"నేను ఈ గదిలో ఎటు పోతే అటు చూస్తాడు," అందామె, పటం వైపు కాకుండా మానస వైపే చూస్తూ. "బతికుండగా ఒక్కనాడు అలా చూసిన పాపాన పోలేదు."

ఆ సాయంత్రం మానస ఇంటికి వచ్చి, చేతులు కడుక్కోకుండానే కూతురి మొహం వెలుతురు వైపు తిప్పింది. శ్రావ్యకి పద్నాలుగు నెలలు. ఎడమ కంట్లో, ఏడు అంకె చోట, అదే చీలిక. పుట్టినప్పటి నుంచి అక్కడ ఉన్నదే. అయినా ఆ రోజు దాన్ని మొదటిసారి చూసినట్టు చూసింది. మానస భర్త విజయ్ కుమార్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. అతను ఫోన్‌లో ఫోటో చూసి, మనిషిని పోలిన మనుషులుంటారు, కన్నుని పోలిన కన్ను ఉండదా అన్నాడు. ఒకటైతే కాకతాళీయం అన్నాడు.

రెండోది పది రోజుల తర్వాత కనిపించింది. వేరే లంకలో, ఒక ముసలావిడ పటం. ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరో పోయారు. వీధిలో నలుగురు పట్టుకుని మంచాన్ని తిప్పుతున్నారు. ఇంకొంచెం, ఇంకొంచెం, కుడిచెంప మీద పడాలి వెలుతురు అని ఒక పెద్దాయన చెబుతున్నాడు. ఎందుకండీ అని మానస అడిగింది. ఆనవాయితీ అన్నాడు. ఎజ్రా గారు ఎప్పుడూ అలాగే తిప్పించేవారు, అది పోయినవాళ్ళకి మంచిదట అన్నాడు. ఎజ్రా గారు ఆ ఊరు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. ఫోటో తీసేవాడు లేడు. మంచం మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఆమె ఏ ఇంటికి వెళ్ళినా ముందు గోడ చూసేది. మూడోది తలపాగా ముసలాయన. నాలుగోది ఇరవై ఏళ్ళ కుర్రాడు. అతనిలో చీలిక కుడి కంట్లో, ఐదు అంకె చోట ఉంది. అద్దంలో తిరగేసినట్టు. ఐదో పటం దగ్గర మానస టార్చి ఆర్పేసింది. తను బతికే ఉంది. తన కళ్ళు చనిపోయినవాళ్ళ మొహాల్లో ఉన్నాయి. అవే కళ్ళు తన బిడ్డకీ ఉన్నాయి. బిడ్డకి ఎలా వచ్చాయో ఆమె చదువు చెబుతుంది. ఆ చదువు వల్ల ధైర్యం మాత్రం రాలేదు. మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడడం మొదలుపెట్టింది. ఆ పటాలు గోడల మీద నుంచి దిగిపోవాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

పెంటపాడులో ఉన్న తల్లి సువర్ణకి ఫోన్ చేసి, చిన్నప్పుడు నాకు ఫోటో ఎక్కడ తీయించావు అని అడిగింది. భీమడోలులో, బడిలో వేసేటప్పుడు, ఎజ్రా గారి స్టూడియోలో అంది సువర్ణ. నువ్వు స్టూడియో ఎగిరిపోయేలా ఏడ్చావు, ఇప్పుడెందుకు అంది. మానస ఊరికే అంది.

ఆదివారం పాసింజరులో, పిల్లని ఎత్తుకుని భీమడోలు వెళ్ళింది.

స్టేషన్ ఎదురుగా స్టూడియో షట్టరు తుప్పుపట్టి ఉంది. ఎజ్రా గారు దాని వెనకే ఉంటున్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూడ్డానికి ఆయన తలని పక్షిలా అటూ ఇటూ తిప్పారు. మానసకి అడగనక్కర్లేకుండా అర్థమైంది. నీటికాసులు. చుట్టుపక్కల చూపంతా పోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రం కాస్త మిగిలింది.

ఆమె తన పేరు చెప్పింది. తల్లి పేరు చెప్పింది. పటాల సంగతి చెప్పింది. ఆయన దగ్గరికి వచ్చి, ఆమె మొహాన్ని ముక్కలు ముక్కలుగా, చివరికి ఎడమ కన్ను దగ్గర ఆగి చూశారు.

"వచ్చావా అమ్మా," అన్నారు. "కూర్చో."

ఆ మధ్యాహ్నం ఆయన చెప్పింది విన్నాక మానసకి ఆయన బతుకంతా తెలిసింది. మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివి, ఏలూరులో ఒక స్టూడియో చీకటిగదిలో ప్రింట్లు కడగడానికి చేరారు. ఏడేళ్ళు కడిగాక భీమడోలులో సొంత స్టూడియో పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళు, బడి గ్రూప్ ఫోటోలు, పాస్‌పోర్టు సైజులు. వీటితో పాటు లంకల నుంచి కబుర్లు. ఎవరైనా పోతే పడవ వచ్చేది. వాన అని, ఆదివారం అని ఆయన ఎప్పుడూ రానని అనలేదు. ఓటరు కార్డు ఫోటో పెద్దది చేస్తే మొహం పొగలా వచ్చే రోజులు అవి. శవాన్ని తీసిన ఫోటోయే ఆ ఇంటికి మిగిలే ఒకే ఒక్క రూపం. కానీ మూసిన కళ్ళ ఫోటో గోడకి పెడితే పిల్లలు ఆ గదిలోకి వచ్చేవారు కాదు. పెట్టెలో దాచేసేవారు.

"కళ్ళు గీసి చూశానమ్మా. ఎంత బాగా గీసినా గుడ్డివే. తమ్ముడివో కొడుకువో ఇవ్వండి, ఫోటో తీసి అతుకుతానంటే ఒక్కరు ఒప్పుకోలేదు. ఇచ్చినవాడు కూడా వెనకే పోతాడని భయం. సరేనని నావి పెట్టి చూశాను." ఆయన నవ్వారు. "దుకాణం వాడి చూపు. పోయినాయన బాకీ అడుగుతున్నట్టున్నాడు."

తర్వాత ఒక రోజు సువర్ణ నాలుగేళ్ళ పిల్లని తీసుకొచ్చింది. పిల్ల ఏడుపు ఆపదు. ఎజ్రా గారికి ఒక ఉపాయం తోచింది. తల్లిని కెమెరా వెనక్కి రమ్మని, వంగి గడ్డం కెమెరా మీద ఆనించమన్నారు. ఇటు చూడమ్మా అంది సువర్ణ. పిల్ల చూసింది. ఏడుపు ఆగింది. ఆయన నొక్కారు. ఆ నెగెటివ్‌ని కడిగి తీగ మీద ఆరేస్తే, ఇంకా తడిగా ఉండగానే, అది ఆయన వైపు చూసింది.

నాలుగేళ్ళ పిల్ల నల్లగుడ్డుకీ పెద్దవాళ్ళ నల్లగుడ్డుకీ పరిమాణంలో పెద్ద తేడా ఉండదు. మానసకి ఆ సంగతి పుస్తకంలో తెలుసు. ఆయనకి చేతిలో తెలిసింది. ఆ నెగెటివ్‌తో వేసిన ప్రింటులో కళ్ళ మేర కత్తిరించి, కాగితం అంచులు వెనక నుంచి ఉల్లిపొరలా గీకి, మూసిన రెప్పల మీద అతికి, అతుకు మీద పెన్సిల్ నడిపి, మొత్తాన్ని మళ్ళీ ఫోటో తీసేవారు. వెలుగు ఒకే వైపు నుంచి పడితేనే అతుకు కనబడదు. అందుకే మంచం తిప్పించడం. మంచం తిరగని ఇళ్ళలో నెగెటివ్ తిరగేశారు. అలా పదకొండు.

"నా కళ్ళు ఎందుకు పెట్టారండీ తాతగారూ, చచ్చిపోయినవాళ్ళకి?" అడగదలచుకున్నంత గట్టిగా అడగలేకపోయింది మానస.

"నీ కళ్ళని పెట్టలేదమ్మా. అమ్మని చూసే చూపని పెట్టాను. అది గీస్తే రాదు, అడిగితే రాదు. అది పెడితే పోయినవాడు ఇంట్లోవాళ్ళని అలా చూస్తాడు."

అప్పటిదాకా నేల మీద ఆడుకుంటున్న శ్రావ్య లేచి, గోడకి ఆనించి ఉన్న ఒక పటం దగ్గరికి తప్పటడుగులతో వెళ్ళింది. తలపాగా ముసలాయన పటం. అద్దం మీద అరచెయ్యి పెట్టి, "అమ్మ" అంది.

అద్దంలో నా నీడ కనబడి ఉంటుంది, అనుకుంది మానస. ఆ తర్వాత తను కూర్చున్న చోటూ పటం వాలిన కోణమూ చూసుకుంది. ఆమె నీడ ఆ అద్దంలో పడదు.

ఆ పటం అక్కడికి ఎందుకొచ్చిందో అప్పుడు చెప్పారాయన. ఆగస్టు పంతొమ్మిది ఫోటోగ్రఫీ దినోత్సవానికి ఏలూరు ఫోటోగ్రాఫర్ల సంఘం ఆయనకి సన్మానం చేస్తోంది. సంఘం కార్యదర్శి భానుప్రకాష్ లంకలన్నీ తిరిగి ఆయన తీసిన నలభై పటాలు సేకరిస్తున్నాడు. ఆ కుటుంబాలన్నీ వస్తున్నాయి.

"ఆ పదకొండూ అందులో ఉన్నాయాండీ?"

"మంచివని అవే ముందు అడిగాడు."

"అన్నీ ఒకే గోడకి పెడతారాండీ?"

ఎజ్రా గారి చేతివేళ్ళు పంచె అంచుని పట్టుకుని ఉండిపోయాయి. "ఒక్కోటి ఒక్కో ఊరు పంపానమ్మా," అన్నారు చివరికి. "అవి ఒకచోట చేరతాయని ఎప్పుడూ అనుకోలేదు." నీవి నీకు వద్దంటే దింపించేస్తాను, వాళ్ళకి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియదు అన్నారు.

దింపించమని అడగడానికే వచ్చింది మానస. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఎటు పోతే అటు చూస్తాడు అన్న ముసలామె మొహం గుర్తొచ్చి, మింగేసింది. పటాలు ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటానండి అని చెప్పి వచ్చేసింది.

ఏలూరు హాల్లో ఆరు లావుపాటి స్తంభాలున్నాయి. సన్మానం రోజు పొద్దున్నే మానస, విజయ్ కుమార్ వెళ్ళి, తాడు పట్టి కొలిచి, ఎక్కడ నిలబడినా పదకొండులో రెండు పటాలు ఒకేసారి కంటబడకుండా అమర్చారు. ఈ వరసేమిటి మేడమ్, ఊరి వరసా, ఏడాది వరసా అన్నాడు భానుప్రకాష్. తోచిన వరస అంది మానస. అతను పెళ్ళిళ్ళకి డ్రోన్‌తో వీడియోలు తీస్తాడు. ప్రతి పటం ముందూ ఆగి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మా దగ్గర లక్షలు పెట్టి కొన్న కెమెరాలున్నాయండీ, ఇలా చూసే మనిషి ఒక్క ఫ్రేములో రాడు అన్నాడు. పొగడ్త కాదది. మనసులో గుచ్చుకున్నదే చెప్పాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆటోల్లో, బస్సుల్లో లంకలవాళ్ళు వచ్చారు. ఎవరి పటం దగ్గరికి వాళ్ళు వెళ్ళి నిలబడ్డారు. పక్కవాళ్ళ పటం ఎవరూ చూడలేదు. మానస ఊపిరి పీల్చుకుంది. వేదిక మీద ఎజ్రా గారికి శాలువా కప్పారు. భానుప్రకాష్ మాట్లాడుతున్నాడు. బొమ్మలో మనిషి ఎక్కడున్నాడంటే చూపులో ఉన్నాడు అంటున్నాడు.

విజయ్ కుమార్ చెయ్యి విడిపించుకుని శ్రావ్య నడిచింది.

తిన్నగా కనకరాజు పటం ముందుకి వెళ్ళి, చేతులు చాచి, "అమ్మ" అంది. దగ్గర్లో ఉన్నవాళ్ళు నవ్వారు. మీసాల అమ్మ అన్నారెవరో. పిల్ల స్తంభం చుట్టూ తిరిగి ముసలావిడ పటం ముందు ఆగి, "అమ్మ" అంది. మధ్యలో మూడు పటాలు దాటింది. వాటివైపు తల కూడా తిప్పలేదు. ఇరవై ఏళ్ళ కుర్రాడి ముందు ఆగింది. "అమ్మ." నాలుగోసారి ఎవరూ నవ్వలేదు. పిల్ల వెనకే వెంకటనరసమ్మ నడుస్తోంది, కొత్త కంటితో ఒక్కో పటమూ చూసుకుంటూ. మానస ముందుకి వెళ్ళి పిల్లని ఎత్తుకోవాలి. ఉన్నచోటే నిలబడిపోయింది. భానుప్రకాష్ మైకు ముందు మాట ఆపేశాడు. హాల్లో పిల్ల గొంతు, కాలి గజ్జెలు తప్ప ఇంకేమీ లేవు. పిల్ల ఆగిన పదకొండోది తలపాగా ముసలాయన. అక్కడ నేల మీద కూలబడి, చేతులు చాచి, పిల్ల ఎదురుచూసింది.

ఎజ్రా గారు వేదిక మీద లేచి నిలబడ్డారు. మైకు అక్కర్లేదన్నారు. ఈ నలభైలో పదకొండింటి కళ్ళు వాళ్ళవి కావు, నేనే అతికాను, ఒక నాలుగేళ్ళ పిల్ల తల్లిని చూసిన చూపు అది అన్నారు. మీకు చెప్పకపోవడం నా తప్పు అన్నారు. అంతే.

ఎవరూ అరవలేదు. ఎవరూ పటం దింపలేదు. వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు.

"ఆ పిల్ల బతికే ఉందాండీ?"

"ఉందండి," అన్నారు ఎజ్రా గారు. అంత దూరం ఆయనకి కనబడదు. అయినా మొహం మానస ఉన్న వైపే తిప్పారు. హాలంతా అటు తిరిగింది. స్తంభాల చాటు నుంచి మనుషులు బయటికి వచ్చి, ఒక్కొక్కరే ఆమె కళ్ళలోకి చూసి, తమవాళ్ళని పలకరించినట్టు తల ఊపి వెళ్ళారు. మానస రెప్ప వేయడానికి భయపడింది.

చివర్లో వెంకటనరసమ్మ వచ్చింది. కనకరాజు పటం కొంగులో చుట్టి చంకలో పెట్టుకుంది.

"మీ అమ్మ ఉందా తల్లీ?"

"ఉందండి మామ్మగారూ. పెంటపాడులో."

"ఒకసారి మా ఇంటికి తీసుకురా. ఇరవై నాలుగేళ్ళు ఈయన ఎవరికోసం చూస్తున్నాడో ఆవిణ్ణి చూపించాలి గదా."

ఆ వచ్చే ఆదివారం మానస పాపని ఎత్తుకుని సువర్ణని తీసుకెళ్ళింది. దారిలో ఏమీ చెప్పలేదు. సువర్ణ గుమ్మం దాటి లోపలికి వచ్చి, పటం చూసి, ఎవరూ చెప్పకుండానే రెండడుగులు పక్కకి జరిగి, నడుం కాస్త వంచి, గడ్డం ముందుకి పెట్టింది. అక్కడ కెమెరా ఉన్నట్టు. "ఇటు చూడమ్మా," అంది. అని, తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెంకటనరసమ్మ అందరికీ కాఫీ ఇచ్చింది.

నెల తర్వాత మళ్ళీ అదే వరండాలో పరీక్షలు. వెంకటనరసమ్మ వంతు వచ్చింది. మానస టార్చి వేసి చూసింది. లోపలి లెన్సు సరిగ్గా మధ్యలో కూర్చుంది. చార్టులో చివరి వరస దాకా ఆమె ఒక్క తప్పు లేకుండా చూపించింది.

"చూపు బ్రహ్మాండంగా ఉందండి మామ్మగారూ."

"ఉందమ్మా. అందుకే అడుగుతున్నాను," అంది వెంకటనరసమ్మ గొంతు తగ్గించి. "ఆ రోజు నుంచి ఆయన నన్ను చూడ్డం లేదు. గదిలో ఎటు పోయినా గుమ్మం వైపే చూస్తున్నాడు. మీ అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

రెండిళ్ళ అవతల తలుపు తీసి ఉంది. పటంలో కళ్ళు కదలవని మానసకి తెలుసు. వెళ్ళి, అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేసి చూస్తే తేలిపోతుంది. ఆమె వెళ్ళలేదు. చీటీ రాసి ఇచ్చి, వ్యాను దగ్గరికి నడిచి, తల్లికి ఫోన్ చేసింది.

"ఆదివారం ఖాళీయేనా అమ్మా?"

ఆ ప్రశ్న కోసమే కనిపెట్టుకుని ఉన్నట్టుగా సువర్ణ, "ఈసారి పాపని తీసుకురావద్దు. ఆ చూపు నా ఒక్కదానిది," అంది.